విడాకులు తీసుకుంటున్నాం, ఇద్దరి పేర్ల మీద ఉన్న ఇల్లు, ఇంటి లోను ఏమవుతాయి?

తులసికోట

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కల టీచరుగా పనిచేస్తున్నాను. నా భర్తకు బెంగళూరులో ఉద్యోగం. పద్నాలుగు నెలలుగా వేరువేరుగా ఉంటున్నాం. రెండు వైపుల పెద్దలూ కూర్చుని మాట్లాడిన తర్వాత, ఇక కలిసి బతకడం కుదరదని ఇద్దరం ఒప్పుకుని, పరస్పర అంగీకారంతో విడాకులకు వెళ్లాలని నిర్ణయించుకున్నాం. ఆ నిర్ణయం గురించి నేను ఇక్కడ అడగడం లేదు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇల్లు.

2020లో కరకంబాడి రోడ్డు వైపు రెండు పడక గదుల ఫ్లాటు కొన్నాం. రిజిస్ట్రేషన్ ఇద్దరి పేర్ల మీద, లోను కూడా ఇద్దరి పేర్ల మీదే. ధర 42 లక్షలు. అందులో 30 లక్షలు బ్యాంకు ఇరవై ఏళ్ల గడువుతో ఇచ్చింది. మిగిలిన 12 లక్షల్లో 5 లక్షలు ఆయన దాచుకున్నవి, 7 లక్షలు పెళ్లిలో మా పుట్టింటివాళ్లు నాకు పెట్టిన బంగారం అమ్మితే వచ్చినవి. నెలకు 26 వేల చిల్లర కంతు మొదటి మూడేళ్లు ఆయన ఖాతా నుంచి, ఆ తర్వాత చెరిసగంగా కడుతూ వచ్చాం.

పోయిన వారం పెద్దమనుషుల ముందు ఆయన వంద రూపాయల బాండు పేపరు మీద ఇలా రాసి సంతకం చేశారు: "ఇల్లు ఆమెకే చెందుతుంది, ఇక మీదట కంతులు ఆమే కట్టుకోవాలి, నాకు హక్కూ లేదు, బాధ్యతా లేదు." ఇద్దరు సాక్షులు కూడా సంతకాలు పెట్టారు. ఇది చాలని ఆయన అంటున్నారు, మా నాన్న కూడా అదే అంటున్నారు. నాకు చేతికి వచ్చే జీతం 42 వేలు. పాప రెండో తరగతి. హాలు తలుపు చట్రం మీద ప్రతి ఉగాదికీ దాని ఎత్తు పెన్సిలుతో గుర్తు పెడుతున్నాను, ఆరు గీతలు ఉన్నాయి. ఆ ఇంట్లోనే ఉండాలని నా కోరిక. ఈ కాగితం నన్ను నిజంగా కాపాడుతుందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

పాత మేనేజరు, చిత్తూరు

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి రిటైరయినవాణ్ని, అందులో చాలా కాలం ఇంటి లోన్ల విభాగంలోనే ఉన్నాను. మొదట ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ బాండు పేపరు మీద బ్యాంకు సంతకం లేదు, కాబట్టి బ్యాంకుకు దానితో సంబంధం లేదు. కోర్టు విడాకుల డిక్రీ, అంటే తుది ఉత్తర్వు, ఇచ్చినా ఇదే మాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం, ఇద్దరు కలిసి బాకీ ఒప్పుకుంటే, అప్పిచ్చినవాడు మొత్తం బాకీని వాళ్లలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు. మీరిద్దరూ భార్యాభర్తలా కాదా అన్నది బ్యాంకు లెక్కలోకి రాదు.

ఇక లెక్క చూడండి, మీరు లెక్కల టీచరు కాబట్టి వెంటనే పట్టుకుంటారు. వడ్డీ మధ్యలో మారకుండా 8.5 శాతమే ఉందనుకుంటే, 30 లక్షలకు ఇరవై ఏళ్ల కంతు సుమారు 26,035 రూపాయలు. అయిదేళ్లలో మీరు కట్టినది 15 లక్షల 62 వేలు. ఇంత కట్టినా అసలులో తగ్గింది మూడున్నర లక్షలే, ఇంకా దాదాపు 26 లక్షల 44 వేలు బాకీ ఉంటుంది. చాలామంది దంపతులు "సగం అప్పు తీరిపోయి ఉంటుంది" అన్న లెక్కతో పంపకాలు మాట్లాడుకుంటారు. అందుకే ముందు బ్యాంకుకు వెళ్లి, ఈ రోజు నాటికి బాకీ ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. సహ రుణగ్రహీతగా అది అడిగే హక్కు మీకు ఉంది.

ఆయన పేరు లోను నుంచి తీయాలంటే, మీ ఒక్కరి ఆదాయం మీద లోను నిలుస్తుందా అని బ్యాంకు మళ్లీ మొదటి నుంచి పరిశీలిస్తుంది. చేతికి వచ్చే జీతంలో దాదాపు సగం దాకానే కంతులకు పోవచ్చని చాలా బ్యాంకులు చూస్తాయి. మీ విషయంలో అది 21 వేలు. మిగిలిన బాకీని మళ్లీ ఇరవై ఏళ్లకు సాగదీసినా కంతు 22,900 దాటుతుంది. అంటే బాకీ 24 లక్షల చిల్లరకు దిగాలి, లేదా ఇంకొకరు మీతో కలిసి లోనులో చేరాలి. ఈ రెండు లక్షల పైచిలుకు తేడా ఎవరు భరిస్తారన్నదే మీరు ఆయనతో తేల్చుకోవాల్సిన మొదటి విషయం. బాండు పేపరు దాని ఊసే ఎత్తలేదు.

గ్రీమ్స్‌పేట వాసి

మేనేజరు గారు చెప్పినది నా జీవితంలో జరిగింది, కాబట్టి రెండో వైపు నుంచి కూడా చెప్పాలని రాస్తున్నాను. ఆడవాళ్ల పేరు ఉంటే వడ్డీ కొంచెం తగ్గుతుందన్నారని ఇల్లు నా మాజీ భార్య ఒక్కదాని పేరు మీదే రిజిస్టరు చేయించాం. లోనులో మాత్రం నా జీతం చూపించి నేనూ సంతకం పెట్టాను. విడాకుల ఒప్పందంలో "ఇల్లు ఆమెది, కంతులు ఆమే కడుతుంది" అని రాసుకున్నాం. కోర్టు దాన్నే డిక్రీలో చేర్చింది. అంతటితో అయిపోయిందని నమ్మాను.

రెండేళ్ల తర్వాత ఆమె ఉద్యోగం పోయింది. ఆమెను నేను తప్పుపట్టడం లేదు, కష్టకాలం ఎవరికైనా వస్తుంది. రెండు కంతులు ఆగాయి. నాకు ఫోను రాలేదు, ఉత్తరం పాత చిరునామాకు వెళ్లింది. మా అమ్మ వైద్యానికి చిన్న లోనుకు దరఖాస్తు పెట్టుకుంటే, సిబిల్ (అప్పులు కట్టిన తీరుకు ఇచ్చే స్కోరు) బాగాలేదని తిప్పి పంపినప్పుడే నాకు విషయం తెలిసింది. మూడో కంతు కూడా ఆగి, మొదటి కంతు గడువు నుంచి తొంభై రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుందని, ఆ తర్వాత తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే సర్ఫేసి చట్టం కింద అరవై రోజుల నోటీసు వస్తుందని తెలిసి, మూడు కంతులూ నేనే కట్టాను. ఆ ఇంటి మీద నాకు హక్కు అంగుళం కూడా లేదు. కట్టిన సొమ్ము ఆమె నుంచి రాబట్టుకునే హక్కు చట్టం నాకు ఇచ్చిందట, కానీ ఉద్యోగం లేని మనిషి మీద దావా వేసి ఏం తెచ్చుకోగలను?

అక్కా, మీ భర్త "బాధ్యత లేదు" అని రాసుకుని తృప్తిపడుతున్నారు కదా, ఆయన క్షేమం కోసం కూడా ఈ మాట ఆయనకు చెప్పండి.

న్యాయవాది, తిరుపతి

ఇక్కడ రాస్తున్నది సాధారణ సమాచారం మాత్రమే. మీ దస్తావేజులు చూడకుండా మీ కేసు మీద అభిప్రాయం చెప్పడం సరికాదు. అయితే ఈ విషయంలో నా దగ్గరికి వచ్చేవారిలో పదిమందికి తొమ్మిదిమంది ఒకే పొరపాటు నమ్మకంతో వస్తారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పెళ్లయిన తర్వాత సంపాదించినదంతా చెరిసగం అన్న నియమం గోవా లాంటి చోట్లను మినహాయిస్తే మన దేశంలో లేదు. ఆస్తి ఎవరి పేరు మీద ఉంటే వారిదే అన్నది మొదటి సూత్రం. ఇద్దరి పేర్లూ ఉండి, వాటాలు దస్తావేజులో రాసుకోకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ చూడాలి. ఇద్దరూ వేరువేరుగా పెట్టిన సొమ్ముతో కొన్నట్టు రుజువు ఉంటే, ఎవరు ఎంత పెట్టారో ఆ నిష్పత్తిలో వాటాలు వస్తాయి. రుజువు లేకపోతే సమాన వాటాలుగా భావిస్తారు. కాబట్టి మీ 7 లక్షల బంగారానికి సాక్ష్యం ఎంత బలంగా ఉంటే మీ మాటకు అంత బలం. బంగారం అమ్మిన రసీదు, ఆ సొమ్ము మీ ఖాతాలో పడిన నాటి బ్యాంకు స్టేట్‌మెంటు, అక్కడి నుంచి బిల్డరుకు వెళ్లిన చెక్కు, ఈ మూడూ ఒక వరుసలో ఉండాలి. పెళ్లిలో మీకు పెట్టిన బంగారం మీ స్త్రీధనం. భర్త దాన్ని అవసరానికి వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఆయనదేనని సుప్రీంకోర్టు 2024లో కూడా మరోసారి చెప్పింది.

ఆ బాండు పేపరు విషయానికి వస్తే, వంద రూపాయలు లేదా అంతకు మించిన విలువ గల స్థిరాస్తిలో హక్కు వదులుకునే కాగితం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు కావాలి. రిజిస్టరు కాని ఆ కాగితంతో ఆయన సగం వాటా మీకు రాదు. రేపు ఆయన మనసు మార్చుకున్నా, దేవుడు అలా చేయకూడదు గానీ ఆయనకేమైనా అయినా, ఆయన వారసులు ఆ సగం అడగవచ్చు.

పరస్పర విడాకుల పిటిషను హిందూ వివాహ చట్టం 13బి కింద వేస్తారు. ఏడాది పైగా విడిగా ఉన్నారు కాబట్టి మీకు అర్హత ఉంది. మొదటి విచారణకూ రెండో విచారణకూ మధ్య ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన పరిస్థితుల్లో దాన్ని మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటి విషయం తేలకుండా ఆ మాఫీ కోసం తొందరపడవద్దని నా సలహా. ఆ ఆరు నెలలు బ్యాంకు పనికి సరిగ్గా సరిపోతాయి. ఫ్లాటు హద్దులు, సర్వే నంబరు, విస్తీర్ణంతో సహా ఆస్తి షెడ్యూలు పిటిషనులోనే చేర్పించండి. రాజీ డిక్రీలో, కేసుకు సంబంధం లేని ఆస్తి వస్తే దాన్ని మళ్లీ రిజిస్టరు చేయించాలి, కేసులో ఉన్న ఆస్తికి ఆ ఇబ్బంది ఉండదు. దంపతుల మధ్య ఆస్తి వివాదాన్ని విచారించే అధికారం కుటుంబ న్యాయస్థానాలకు 1984 చట్టమే ఇచ్చింది.

తులసికోట

సార్, మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. బంగారం రసీదు వెతికి తీశాను. అది మిషను నుంచి వచ్చే సన్నకాగితం. సగం అక్షరాలు వెలిసిపోయాయి, తేదీ, తూకం మాత్రం కనిపిస్తున్నాయి. ఈ రోజే రెండు జిరాక్సులు తీయించి, ఫోనులో ఫోటో కూడా పెట్టుకున్నాను. ఆ మరుసటి రోజే 7 లక్షలు నా ఖాతాలో పడినట్టు పాస్‌బుక్కులో ఉంది.

ఇప్పుడు ఇంకో చిక్కు. ఆయన వైపువాళ్లు "ఇల్లు ఇస్తున్నాం కదా, పాపకు నెలనెలా మనోవర్తి అడగనని రాసివ్వాలి" అంటున్నారు. ఆయన ఒప్పుకోకుండా మొండికేస్తే నన్నూ పాపనూ ఇంట్లోంచి పంపించగలరా?

మురకంబట్టు చెల్లెలు

అక్కా, రెండో ప్రశ్నకు నా అనుభవం చెబుతాను. మాది మా అత్తగారి పేరు మీద ఉన్న ఇల్లు. నాకు అందులో వాటా లేదు, కానీ ఉండే హక్కు ఉంది. కాపురం చేసిన ఇంట్లోంచి భార్యను చట్టప్రకారం తప్ప వెళ్లగొట్టకూడదని 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా అది వర్తించవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మీ ఇల్లు మీ పేరు మీద కూడా ఉంది కాబట్టి మీరు నాకంటే బలంగా ఉన్నారు. నాకు వకీలు ఖర్చు భరించే శక్తి లేక న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాను. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. ఈ సంగతి చాలామందికి తెలియదు, అందుకే చెబుతున్నాను.

న్యాయవాది, తిరుపతి

పాప మనోవర్తి గురించి ఒక్క మాట. పోషణ పొందే హక్కు బిడ్డది. తల్లి తన భరణం వదులుకోవచ్చు, బిడ్డ హక్కును వదులుకుంటూ సంతకం పెట్టలేదు. అలా రాసినా కోర్టు దాన్ని పక్కన పెట్టి బిడ్డకు మనోవర్తి ఇప్పించగలదు. కాబట్టి "ఆయన వాటా నాకు శాశ్వత భరణం కింద" అని, "పాప చదువు, పోషణ ఖర్చు వేరు" అని రెండు వేర్వేరు పేరాలుగా రాయించండి. రెండింటినీ కలిపి ఒకే వాక్యంలో రాసిన ఒప్పందాలే తర్వాత ఎక్కువగా కోర్టుకు ఎక్కుతాయి.

అవిలాల పెద్దాయన

అమ్మాయీ, అందరూ ఇల్లు ఎలా నిలుపుకోవాలో చెబుతున్నారు. పెద్దవాడిగా నేను అమ్మేయడం గురించి కూడా ఆలోచించమంటాను. ఇప్పుడు 58 లక్షలకు పోతుందనుకుందాం. బాకీ 26 లక్షల 44 వేలు తీర్చగా 31 లక్షల 56 వేలు మిగులుతాయి. చెరిసగమైనా నీకు 15 లక్షల 78 వేలు వస్తాయి. నెలనెలా జీతంలో సగం కంతుకు పోగా మిగిలిన 21 వేలతో పాపను చదివించడం తేలిక కాదు. చెప్పడం నా బాధ్యత, నిర్ణయం నీది. ఒకవేళ అమ్మదలిస్తే, మారే వడ్డీ మీద ఉన్న ఇంటి లోనును ముందుగా తీర్చినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు. బాకీ తీరిన ముప్పై రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం కట్టాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది.

న్యాయవాది, తిరుపతి

పెద్దాయన గారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఇద్దరిలో ఒకరు అమ్ముదామని, ఇంకొకరు వద్దని పట్టుబడితే, విభజన దావాలో ఫ్లాటును రెండు ముక్కలు చేయలేరు కాబట్టి, అమ్మి సొమ్ము పంచమని 1893 నాటి విభజన చట్టం కింద కోర్టు ఆదేశించవచ్చు. అప్పుడు కూడా రెండో వ్యక్తి, కోర్టు కట్టించిన విలువకు ఆ వాటా తానే కొనుక్కుంటానని అడగవచ్చు.

దస్తావేజు లేఖరి

సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాయడం నా వృత్తి. ఆయన సగం వాటాను మీ పేరున రాయించడానికి దారులు ఉన్నాయి. అమ్మకం దస్తావేజు అయితే స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి మన రాష్ట్రంలో ఏడున్నర శాతం. 58 లక్షల్లో సగం, అంటే 29 లక్షల వాటా మీద అది 2 లక్షల 17 వేల పైన. భార్యాభర్తల మధ్య సెటిల్‌మెంటు దస్తావేజుకు, అంటే కుటుంబంలో ఒకరు ఇంకొకరికి ఆస్తి రాసిచ్చే పత్రానికి, అంతకంటే బాగా తక్కువ. అయితే ఆ రాయితీ కుటుంబ సభ్యులకే. డిక్రీ వచ్చిన మరుసటి రోజు మీరు ఆయనకు కుటుంబం కాదు. నా కళ్ల ముందే ఒక ఆవిడ డిక్రీ తర్వాత పదకొండో రోజు వచ్చి, ఈ తేడా విని, బల్ల మీద తల వాల్చి కూర్చుండిపోయింది. అందుకే దస్తావేజు డిక్రీకి ముందే చేయించుకోండి.

ఇంకొకటి. మీ ఇంటి అసలు పత్రాలు బ్యాంకులో ఉన్నాయి, తాకట్టు ఈసీలో, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, అప్పులు చూపే ధ్రువపత్రంలో, కనిపిస్తుంది. బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా వాటా మార్పించుకుంటే తర్వాత చిక్కు వస్తుంది.

గ్రీమ్స్‌పేట వాసి

లేఖరి గారూ, మీరు చెప్పినట్టు ముందే దస్తావేజు రాసిచ్చేసి, ఆ తర్వాత భార్య విడాకులకు ఒప్పుకోనంటే ఆ భర్త గతి ఏమిటి? డిక్రీ వచ్చేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు కదా?

న్యాయవాది, తిరుపతి

న్యాయమైన ప్రశ్న. డిక్రీ వచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి వరుస ముఖ్యం. మొదటి విచారణలో షరతులన్నీ కోర్టు ముందు రికార్డు చేయించాలి. తర్వాత బ్యాంకు కొత్తగా మంజూరు చేసి, ఆయన పేరు తొలగించడానికి ఒప్పుకుంటూ లేఖ ఇవ్వాలి. రెండో విచారణకు ముందు వారంలో సెటిల్‌మెంటు దస్తావేజు రిజిస్టరు కావాలి. అలా చేస్తే ఇద్దరిలో ఎవరూ ఎక్కువ రోజులు ఎదుటివారి దయ మీద ఉండనక్కరలేదు. భార్యాభర్తల మధ్య ఉన్నంతవరకు ఇలాంటి బదిలీకి పుచ్చుకున్నవారి మీద ఆదాయపు పన్ను కూడా పడదు.

తులసికోట

ఎనిమిది నెలల తర్వాత రాస్తున్నాను. మొదటి విచారణ అయింది. పిటిషనులో ఫ్లాటు షెడ్యూలు చేర్పించాం. పెద్దాయన గారు చెప్పిన అమ్మకం మాట మూడు రాత్రులు ఆలోచించాను. అద్దె ఇంటికి వెళ్లినా పన్నెండు పదమూడు వేలు తప్పవని, పాప బడి మారకూడదని, నిలుపుకోవడానికే నిర్ణయించుకున్నాను.

గ్రీమ్స్‌పేట అన్నయ్య రాసినది ప్రింటు తీసి ఆయనకు పంపాను. నేను ఎన్నిసార్లు చెప్పినా వినని మనిషి, అది చదివిన రాత్రే ఫోను చేసి "నా పేరు లోను నుంచి తీసేదాకా నేను కూడా తిరుగుతాను" అన్నారు. తన వాటా భరణం కింద వదులుకోవడానికి, దానితో పాటు 2 లక్షల 50 వేలు నేరుగా లోను ఖాతాలో అసలు కింద జమ చేయడానికి ఒప్పుకున్నారు. పాప బడి ఫీజు విడిగా ఆయనే కడతారు, అది వేరే పేరాలో ఉంది. బ్యాంకులో మొదట "అలా పేరు తీయడం కుదరదు" అని కౌంటరులోనే చెప్పేశారు. మేనేజరు గారు చెప్పిన లెక్కను కాగితం మీద వేసి, జీతం చీటీలతో కలిపి రాతపూర్వక దరఖాస్తు ఇచ్చాక తీసుకున్నారు. ఆరు వారాలకు మంజూరు లేఖ వచ్చింది. కొత్త కంతు 20,800 దగ్గర నిలిచింది.

సెటిల్‌మెంటు దస్తావేజు వచ్చే గురువారం. రెండో విచారణ ఆ తర్వాతి బుధవారం.

పాత మేనేజరు, చిత్తూరు

మంచిదమ్మా. గురువారం రిజిస్ట్రేషన్ అయ్యాక బ్యాంకు నీ ఒక్కదాని పేరు మీద తాకట్టు పత్రం మళ్లీ రాయిస్తుంది. అది పూర్తయిన వారానికి ఈసీ తీసి రెండు నమోదులూ ఉన్నాయో లేదో చూసుకో. కొత్త కంతు ఏ ఖాతా నుంచి పోతుందో కూడా సరిచూసుకో, పాత ఖాతాకు ఇచ్చిన ఆదేశం రద్దు కాకపోతే మొదటి నెల ఆయన ఖాతా నుంచే కోత పడుతుంది. ఆయన పేరు తొలగించినట్టు బ్యాంకు ఇచ్చే లేఖ కాపీ ఆయనకూ ఒకటి ఇవ్వు, రెండు నెలల తర్వాత ఆయన సిబిల్ రిపోర్టులో ఈ లోను ఇంకా కనిపిస్తే ఆ లేఖతోనే సరిచేయించుకోవాలి.